షిప్పు ఎక్కే రోజు ఊరు మారొద్దు: యూరప్ క్రూజ్‌కు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న చిత్తూరు నుంచి వెళ్లిన రెండు జంటలు బార్సిలోనాలో షిప్పు అందుకోలేకపోయారు. నలుగురూ అరవై దాటినవాళ్లు. పారిస్, స్విట్జర్లాండ్ చూసుకొని అక్కడ ఏడు రాత్రుల క్రూజ్ ఎక్కాలి. షిప్పు సాయంత్రం 6 గంటలకు బయల్దేరుతుంది. జ్యూరిచ్‌లో ఫ్లైటు పొద్దున 10కి. "మధ్యాహ్నానికి దిగిపోతామన్నా, ఇంకా ఆరు గంటలుంటాది, ఏమవతాదిలే" అన్నారు.

జ్యూరిచ్‌లో ఉరుములు మెరుపులతో వాన పట్టుకుంది. ఫ్లైటు ముందు లేటన్నారు, తర్వాత క్యాన్సిల్ అన్నారు. ఇంకో దాంట్లో సీట్లు దొరికి రేవుకు చేరేసరికి రాత్రి 8 దాటింది. క్యాబిన్ నంబరున్న కాగితం ట్యాగులు పొద్దున్నే హోటల్లో సూట్‌కేసుల పిడికి కట్టుకున్నారు. ఆ ట్యాగులతోనే మళ్లీ ట్యాక్సీ ఎక్కి రాత్రికి గది వెతుక్కున్నారు. మధ్యలో ఎక్కడానికి క్రూజ్ కంపెనీ అనుమతి వచ్చేసరికి ఇంకో రోజు గడిచింది. మూడో రోజు ఇటలీలోని జెనోవా రేవులో ఎక్కారు. హోటళ్లు, కొత్త టికెట్లు కలిపి లక్షకు పైనే అయింది. తప్పిపోయిన రెండు రాత్రులకు క్రూజ్ కంపెనీ ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు.

వేసవి సెలవులొస్తున్నాయి. తిరుపతి, చిత్తూరు, పలమనేరు వాళ్లు "ఒకసారి చూడన్నా" అంటూ ప్లాన్లు నాకు వాట్సాప్‌లో పంపుతుంటారు. పాస్‌పోర్టు భద్రం, జేబుదొంగలున్నారు, స్వెట్టర్ పెట్టుకోండి లాంటివి అందరికీ తెలుసు, రాయను. జనం ఎక్కువగా దెబ్బతినే చోటు ఒకటే, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

షిప్పు ఎక్కే రోజు

షిప్పు ఎక్కే రోజు ఊరు మారొద్దు. ముందు రాత్రే ఆ రేవు ఉన్న ఊళ్లో దిగి, అక్కడే పడుకోండి.

షిప్పు 6 గంటలకంటే మీకు 6 దాకా టైమున్నట్టు కాదు. బయల్దేరే ముందే ప్రయాణికుల జాబితా రేవు అధికారులకు అందాలి కాబట్టి మామూలుగా గంట, గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తారు. అప్పటికి మీ పేరు పక్కన టిక్కు పడకపోతే మీరు రానట్టే లెక్క. రేవులో షిప్పు నిలబడే చోటు కూడా ముందే ఖరారై ఉంటుంది. నలుగురి కోసం నాలుగు వేలమందిని ఆపరు.

విమానం వాళ్లు ఆదుకుంటారనుకోవద్దు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం ఫ్లైటు క్యాన్సిలైతే ఇంకో ఫ్లైటు ఇవ్వాలి, ఎదురుచూసే టైములో భోజనం పెట్టాలి, రాత్రయితే గది ఇవ్వాలి. వాళ్ల తప్పయితే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం కూడా ఉంది. వాతావరణం వల్లయితే ఆ పరిహారమూ లేదు. షిప్పు పోయిన నష్టం మాత్రం ఈ నియమాల లెక్కలోకే రాదు.

ఎప్పుడో ఒకసారి జరిగేదానికి ఇంత భయమెందుకంటారు. 2024 జులై 19న ఒక సాఫ్ట్‌వేర్ లోపంతో ప్రపంచమంతటా వేల ఫ్లైట్లు ఆగాయి. 2025 మార్చి 21న కరెంటు సబ్‌స్టేషన్ కాలిపోయి లండన్ హీత్రూ దాదాపు రోజంతా మూతపడింది. అదే ఏడాది ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు పోయి రైళ్లు పట్టాల మీదే నిలిచిపోయాయి. ఇటలీలో రైల్వే సమ్మెలైతే మామూలే. ఇవన్నీ ఒక రోజులో, రెండు రోజుల్లో సర్దుకునేవే. ముందు రోజే చేరినవాళ్లకు అలసట తప్ప నష్టం లేదు. అదే రోజు బయల్దేరినవాళ్లకు క్రూజే పోతుంది.

రేవు ఎక్కడుందో కూడా చూసుకోండి. బ్రోషర్లో రోమ్ అని రాస్తారు, షిప్పు ఉండేది చివితావెక్కియాలో. రోమ్ నుంచి 70 కిలోమీటర్ల పైనే. పారిస్ అంటే లె హావ్ర్, దాదాపు 200 కిలోమీటర్లు. బెర్లిన్ అంటే వార్నెమ్యుండే, రెండొందల కిలోమీటర్ల పైమాటే. లండన్ అంటే ఎక్కువగా సౌతాంప్టన్. వెనిస్ అయితే 2021 ఆగస్టు నుంచి పెద్ద షిప్పులను ఊరి ముందు కాలువలోకి రానివ్వడం లేదు. వెనిస్ పేరు పెట్టి రవెన్నాలోనో, త్రియెస్తేలోనో ఎక్కించే క్రూజులున్నాయి. వెనిస్‌లో హోటల్ తీసుకొని, పొద్దున్నే ముసలివాళ్లతో, ఆరు సూట్‌కేసులతో రవెన్నాకు పరుగెత్తే ప్లాన్లు నా దగ్గరికి చాలా వస్తుంటాయి.

రోమ్‌లో పడుకొని పొద్దున చివితావెక్కియాకు పోవచ్చు. రైలు గంట, గంటంబావు. రైలు లేకపోతే ట్యాక్సీ ఉంది. ఏథెన్స్‌లో పడుకొని పిరేయస్ రేవుకు మెట్రోలో పోవచ్చు. అంతకు మించి దూరమైతే రేవు ఊళ్లోనే రాత్రి గడపండి. ఆ ఊళ్లో చూడ్డానికేమీ లేకపోయినా సరే, ఒక హోటల్ బిల్లు ఎక్కువైనా సరే.

రోజులు కాదు, రాత్రులు లెక్కపెట్టండి

పదమూడు రాత్రుల సెలవులో షిప్పుకు ఏడు పోతే మిగిలేది ఆరు. ఈమధ్య ఒకాయన పంపిన ప్లాన్లో ఆ ఆరు రాత్రుల్లో పారిస్ 2, ఇంటర్‌లాకెన్ 2, వెనిస్ 1, ఫ్లారెన్స్ 1 ఉన్నాయి. ఏడో రోజు పొద్దున ఫ్లారెన్స్‌లో రైలెక్కి, రోమ్‌లో మారి, చివితావెక్కియాలో షిప్పు. చూస్తే ఎంత బాగుందో!

మొదటి రోజే చూడండి. చెన్నైలో తెల్లవారుజామున 4కి ఫ్లైటంటే ముందురోజు రాత్రి 9కే తిరుపతిలో కారెక్కాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరి, లైన్లలో నిలబడేసరికి ఆ రాత్రి నిద్ర పోయినట్టే. గల్ఫ్‌లో ఫ్లైటు మారి పారిస్‌లో దిగేసరికి అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, మనకు సాయంత్రం 5. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త సరిహద్దు పద్ధతిలో మొదటిసారి అడుగుపెట్టేటప్పుడు వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, ఆ లైను ఇంకొంత టైము తింటుంది. ఆ రోజు హోటల్‌కు చేరి అన్నం తిని పడుకోవడమే. పారిస్ 2 రాత్రులంటే చేతికొచ్చేది ఒక్క రోజు.

ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. ఈ హోటల్లో పదకొండుకల్లా ఖాళీ చెయ్యమంటారు, ఆ హోటల్లో మూడు దాకా గది ఇవ్వరు. మధ్యలో స్టేషన్ మెట్లు, సామాన్లు, పెద్దవాళ్ల మోకాళ్లు.

ఆరు రాత్రులకు రెండు ఊళ్లు చాలు. పారిస్ 3, రోమ్ 3. లేదంటే స్విట్జర్లాండ్ 4, బార్సిలోనా 2. చివరి రాత్రి రేవు దగ్గర అన్నది మాత్రం కదపొద్దు. ఇంత దూరం పోయి వెనిస్ చూడకుండా వస్తామా అని ఇంట్లో గొడవవుతుంది. అయితే షిప్పు మానేసి వెనిస్‌కు పోండి, నిక్షేపంగా చూడొచ్చు. రెండూ కుక్కితే రెండూ దక్కవు.

పెద్దవాళ్లు ఎక్కువుంటే నేను వరస తిరగేయమంటాను. ముందు రేవు ఊళ్లో రెండు రాత్రులు, తర్వాత షిప్పు, ఊళ్లు చివర్లో. అప్పుడు ఊళ్లలో ఫ్లైటో రైలో తప్పినా షిప్పుకు ముప్పు లేదు.

వీసాకొక ప్లాను, తిరగడానికొక ప్లాను పెట్టుకోవద్దు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. షిప్పు టర్కీ, మాంటెనెగ్రో, బ్రిటన్ వైపు పోతే షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) దాటి బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చినట్టే. వీసా స్టిక్కర్ మీద ఎంట్రీల దగ్గర 1 అని ఉందా, మల్ట్ (ఎన్నిసార్లైనా రావచ్చని) ఉందా చూడండి. 1 ఉంటే ఆ క్రూజ్ మీది కాదు.

రేవుల్లో దిగినప్పుడు

షిప్పు పొద్దున 8కి ఆగి సాయంత్రం 6కి కదిలితే పది గంటలు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇటలీలో లివోర్నో రేవులో దిగి ఫ్లారెన్స్ పోవాలంటే ఒక వైపే గంటన్నర. దిగే లైను, తిరిగెక్కే లైను, ముందే చేరాల్సిన గంటన్నర తీసేస్తే ఫ్లారెన్స్‌లో మిగిలేది నాలుగు గంటలు. ఒకటే చూడండి. పీసా కూడా అనొద్దు.

సొంత ట్యాక్సీలో వెళ్లి ఆలస్యమైతే షిప్పు ఆగదు. షిప్పు వాళ్లే నడిపే టూరు బస్సు ఆలస్యమైతే ఆగుతుంది, లేదా వాళ్లే మిమ్మల్ని చేరుస్తారు. డబ్బు ఎక్కువ తీసుకునేది అందుకే. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో సొంత టూరుకు పోయి ఆలస్యంగా వచ్చిన ఎనిమిది మందిని షిప్పు వదిలేసి పోయింది. తర్వాతి రేవు పట్టుకోవడానికి వాళ్లు దేశాలు దాటాల్సొచ్చింది.

గ్రీసు దీవి సాంటోరినిలో షిప్పు రేవుకు ఆనదు, చిన్న పడవల్లో దింపుతారు. పైకి కేబుల్ కారు, లేదంటే ఆరు వందలకు దగ్గర మెట్లు. అలిపిరి ఎక్కినవాళ్లం, ఇదొక లెక్కా అనుకోవద్దు. అలిపిరి దారికి కప్పుంది, నీడుంది. అక్కడ నెత్తిన ఎండ, కాళ్లకడ్డంగా గాడిదలు, నున్నగా అరిగిన రాళ్లు. దిగేటప్పుడు కేబుల్ కారు లైను గంట దాటొచ్చు, అది కలుపుకొని వెనక్కి తిరగండి.

యూరప్ అంటే చలి అనుకొని జూన్, జులైలో పోతారు. ఎండ దెబ్బకు 2023 జులైలో ఏథెన్స్‌లో పాత గుళ్లున్న అక్రోపోలిస్ కొండను మధ్యాహ్నం పూట మూసేశారు, 2024 జూన్‌లో మళ్లీ మూసేశారు. పొద్దున్నే చూసుకొని మధ్యాహ్నానికి షిప్పుకొచ్చేయండి. ప్రతి రేవులోనూ దిగి తీరాలన్న రూలు లేదు. వారంలో ఒకటో రెండో వదిలేసి షిప్పులోనే పడుకోండి.

ఇక మిగతావి:

– చెన్నై నుంచి చివరి ఊరిదాకా ఒకే టికెట్టు మీద తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటి ఫ్లైటు లేటైనందుకు రెండో కంపెనీకి సంబంధం లేదు.

– పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత. వాటికన్ మ్యూజియాలు ఆదివారం మూత, నెల చివరి ఆదివారం తప్ప. ప్లాను వేసేటప్పుడే వారాలు చూడండి.

– ఇటలీలో సమ్మె రోజు రైలెక్కాల్సొస్తే, పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య లోకల్ రైళ్లు నడపాలన్న నియమం ఉంది. ఆ టైములో కదలండి.

– మందులు, ఇన్సులిన్, పాస్‌పోర్టు, కళ్లద్దాలు చేతిసంచిలో. రేవులో ఇచ్చిన సూట్‌కేసు క్యాబిన్‌కు రాత్రికి గానీ రాదు.

– రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె వద్దు. షిప్పు ఎక్కేటప్పుడు స్కానర్లో చూసి తీసేసుకుంటారు.

– నెయ్యి డబ్బా వద్దు. పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు.

– షిప్పులో ఎక్కగానే జరిగే భద్రతా డ్రిల్లు మానొద్దు. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ షిప్పు రాయికి గుద్దుకునేనాటికి, ఆ రోజే చివితావెక్కియాలో ఎక్కినవాళ్లకు డ్రిల్లు జరగలేదు. 32 మంది పోయారు.

– సముద్రంలో ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. షిప్పు శాటిలైట్ నెట్‌వర్క్ బిల్లు మామూలు రోమింగ్ ప్యాక్‌లో రాదు.

– గడియారం షిప్పు టైముకు పెట్టుకోండి. ఫోను టైమును నమ్మొద్దు.

– రోజూ క్యాబిన్‌కొచ్చే కాగితం మీద పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో షిప్పు కంపెనీ తరఫు మనిషి) నంబరుంటుంది. ఫోటో తీసుకోకుండా దిగొద్దు.

– ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉంటేనే వీసా. అది వైద్యానికి. షిప్పు తప్పితే ఇస్తారా లేదా పాలసీ కాగితంలో చదవండి, ఏజెంటు నోటిమాట వద్దు.

– షిప్పు ఎక్కే రోజు పొద్దున ఇంకో ఊరు చూసొద్దామనుకోవద్దు. దగ్గరే అన్నా వద్దు.

– షిప్పు ఎక్కే రోజు ఫ్లైటు వద్దు. చవగ్గా వచ్చినా వద్దు, పొద్దున 6కే ఉన్నా వద్దు. ముందు రోజుది కొనండి.

– షిప్పు దిగే రోజు మధ్యాహ్నం 1 లోపు ఫ్లైటు వద్దు. రేవుకు తెల్లవారుజామునే చేరినా దిగడం, సామాను వెతుక్కోవడం, ఎయిర్‌పోర్టు లైన్లు ఉంటాయి.

– చెన్నైలో దిగాక కారు మీరు నడపొద్దు. మీ అబ్బాయి కూడా ఆ ఫ్లైట్లోనే వచ్చుంటే అతనూ వద్దు. రాత్రి ఇంట్లో నిద్రపోయిన డ్రైవర్ను తిరుపతి నుంచి రప్పించుకోండి.