నడుము పట్టకుండా పెరటి పని – మూడో పాఠం: కామ (పనిముట్టుకు పట్టుకునే కర్ర) ఎంత పొడవుండాలి?

పోయిన పాఠంలో చెప్పిన కట్టె పరీక్ష చేసి చూశారా? తల వెనుక, రెండు జబ్బల మధ్య, పిరుదుల పైన కట్టెను ఆనించుకుని, ఆ మూడు చోట్లా అది ఊడకుండా తుంటి దగ్గర ముందుకు వంగడం. చాలామందికి మొదటి రోజు కట్టె తల దగ్గరో కిందనో ఊడిపోతుంది. తుంటికి బదులు నడుము వంగుతోందని అర్థం. ఇంకా కుదరనివాళ్లు ఈ వారం కూడా రోజూ పదిసార్లు చేయండి. దానికోసం పాఠం ఆపక్కర్లేదు, ఇవాళ మన పని పనిముట్లతోనే.

ముందు చిన్న ప్రయోగం. లీటరు నీళ్ల సీసాను ఛాతీకి ఆనించి పట్టుకోండి. బరువే తెలియదు. ఇప్పుడు చెయ్యి పూర్తిగా ముందుకు చాచి అదే సీసా పట్టుకోండి. కాసేపటికే భుజం గుంజుతుంది. నీళ్లు పెరగలేదు, దూరం పెరిగింది. నడుముకూ ఇదే లెక్క. వెన్నును నిలబెట్టే కండరాలు వెన్నుపూస నడిమి నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. పారతో 5 కిలోల మట్టిని 50 సెంటీమీటర్ల ముందు ఎత్తి పట్టుకుంటే, ఆ కండరాలు 50 కిలోల బలంతో వెనక్కి లాగాలి.

ఇక్కడ ఎవరూ లెక్కేయని బరువు ఇంకొకటుంది. 60 కిలోల మనిషికి నడుము పైభాగమే 30 కిలోలు దాటుతుంది. పూర్తిగా వంగితే అదంతా ముందుకు వేలాడుతుంది. ఆ బరువు నడుముకు 25 సెంటీమీటర్ల ముందుంది అనుకుని లెక్క కట్టినా, కండరాలు లాగాల్సింది 150 కిలోలకు తక్కువ కాదు. చేతిలోని పొరక చూస్తే అరకిలో కూడా ఉండదు! అందుకే వాకిలి ఊడ్చినంత మాత్రాన నడుం నొప్పి ఏంటని ఇంట్లో ఆడవాళ్లను ఎవరూ వెక్కిరించొద్దు.

మా అమ్మ డెబ్బై ఏళ్లు దాటినా సాన్పు (పేడనీళ్లు) చల్లే ముందు పొట్టి పొరకతోనే వాకిలంతా ఊడ్చేది. వెదురు బొంగు కట్టి ఇస్తే, "నిలబడి ఊడ్వనీకి ఇదేమన్న ఆఫీసా? చూసినోళ్లు ఏమంటరు?" అని పక్కన పడేసింది. నిలబడి ఊడ్చేది ఒళ్లు వంగని మనిషని మనవైపు ఒక అభిప్రాయం. నెలరోజులు గోడకే ఆనింది ఆ పొరక. ఒకరోజు నడుము పట్టేసి, వేరే దారి లేక అందుకుంది. తర్వాత పొట్టి పొరక మళ్లీ అడగలేదు. అయితే ఊడ్చేది సరిగ్గా పోవట్లేదని ఇప్పటికీ సణుగుతుంది, అది వేరే సంగతి.

కొలత ఇలా తీయండి. పొరకను నేల మీద నిలబెడితే కామ కొస మీ చంకకూ గడ్డానికీ మధ్య ఉండాలి. పై చెయ్యి ఛాతీ ఎత్తులో, కింది చెయ్యి బొడ్డు దగ్గర. వెదురు బొంగును పొరక కట్టలోకి జానెడు దూర్చి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి చుడితే దారం కంటే బాగా పట్టుకుంటుంది. ఇంట్లో ఇద్దరు ఊడ్చేవాళ్లుంటే ఎత్తున్న మనిషికి సరిపోయేలా చేయండి. పొడవైన కామను పొట్టి మనిషి కాస్త కిందికి పట్టుకోవచ్చు. పొట్టి కామను పొడుగు మనిషి ఏమీ చేయలేడు.

పొట్టి కామతో వచ్చే నష్టం మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కూరగాయల పొలాల్లో కూలీలకు పొట్టి పార ఇచ్చి రోజంతా వంగి పని చేయించేవాళ్లు. నడుములు పోతున్నాయని కూలీలు ఏళ్ల తరబడి కొట్లాడితే, 1975లో ఆ రాష్ట్రంలో దాన్ని నిషేధించారు. పని ఆగిపోలేదు, పొడుగు కామలు వచ్చాయి.

పార దగ్గరికి వచ్చేసరికి విషయం ఇంత సులువు కాదు. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. కామ ఎంత పొడుగైతే అంత మంచిదనుకుని, మట్టి ఎత్తిపోసే పారకే ఐదడుగుల కర్ర వేయించాను. బత్తాయి చెట్లకు పాదులు చేస్తూ, తడి మట్టిని ఆ పొడుగు కామ కొసన ఎత్తి పక్కకు విసిరాను. మూడో చెట్టు దగ్గర నడుములో కళుక్కుమంది. రెండు రోజులు మంచం దిగలేదు. పైన చెప్పిన లెక్కను నేనే మర్చిపోయాను: కామ పెరిగితే బరువు కూడా దూరం జరుగుతుంది.

కాబట్టి పనిని బట్టి కామ. గడ్డి చెక్కే దోకుడు పారకు పొడుగు కామే మేలు, దాంతో బరువు ఎత్తేది లేదు. తవ్వి ఎత్తిపోసే పారకు మామూలు మూడడుగుల కామ చాలు. అయితే ముందు చెయ్యిని పార రేకుకు దగ్గరగా పట్టుకోవాలి, మోకాళ్లు వంచాలి, నిండుగా కాకుండా సగం సగమే ఎత్తాలి. విసిరే వైపుకు నడుమును తిప్పొద్దు, పాదాలనే తిప్పండి. నాకు ఆరోజు నడుము పట్టేసింది మెలితిరిగి విసిరినందుకు కూడా.

దోకుడు పారకు కామ పెంచినప్పుడు ఇంకో చిక్కుంది. నిటారుగా నిలబడితే కామ కూడా నిటారుగా లేస్తుంది. దాంతో రేకు నేలకు ఆనే కోణం మారి, గడ్డి సరిగ్గా తెగదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి కామకూ రేకుకూ మధ్య కోణాన్ని మీరు నిలబడే తీరుకు సరిపడా సరిచేయమనండి. కొలిమిలో కాసేపటి పని. అంచును వారానికోసారి ఆకురాయితో రాయండి. మొద్దుబారిన పారతో ఒక్క దెబ్బకు తెగే గడ్డికి మూడు దెబ్బలు పడతాయి, ఆ మిగతా రెండూ నడుము మీద పడ్డట్టే. కామ వదులైతే రాత్రంతా పారను నీళ్లలో ఉంచండి, కర్ర ఉబ్బి బిగుస్తుంది.

పాలమూరు చెల్క నేల సంగతి తెలిసిందే. ఎండాకాలం గడ్డపార వేస్తే ఎగిరి వస్తుంది. తవ్వాల్సిన చోటును ముందు రోజు సాయంత్రం తడిపి పెట్టండి. మిరుగు (మృగశిర కార్తె) వానలు పడ్డాక పదును మీద తవ్వితే సగం శ్రమ తగ్గుతుంది. బురదగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, మట్టి రేకుకు అంటుకుని ప్రతిసారీ రెట్టింపు బరువు ఎత్తాల్సి వస్తుంది.

వేళ గురించి ఒక మాట. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే మనం ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉండేది అందుకే. అప్పుడే వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. మనమేమో కళ్లు తెరవగానే పొరక పడతాం. ముందు చాయ్ తాగి, పశువులకు నీళ్లు పెట్టి, కాస్త నడిచి, అరగంట తర్వాత వాకిలి మొదలుపెట్టండి. మే నెల ఎండకు భయపడి తెల్లవారుజామునే తవ్వేవాళ్లు కూడా ఆ అరగంట ఆగాలి.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయిన పెద్దలు కట్టె పరీక్ష చేయొద్దు. పొడుగు కామ మాత్రం వాడుకోండి. కాళ్లలోకి తిమ్మిరి దిగుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా పాఠాలు పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌ను కలవండి.

ఈ వారం పని: ఇంట్లోని పొరక, దోకుడు పార, తవ్వే పార కామల పొడవు టేపుతో కొలిచి, వాటి పక్కనే మీ చంక ఎత్తు రాసుకోండి. ఊడ్చేటప్పుడు వంద అడుగులకోసారి చేతులు మార్చండి. ఎడమ చేయి ముందుకు పెడితే మొదటి రెండు రోజులు చేతగానట్టే ఉంటుంది, వదలకండి. వచ్చే పాఠం తట్ట ఎత్తడం గురించి. ఒక ఖాళీ తట్ట, కొంచెం ఇసుక దగ్గర పెట్టుకోండి. "జర చెయ్యెయ్యి" అంటే పలికే మనిషి ఒకరు పక్కనుంటే ఇంకా మంచిది.