స్టేజీ సంగతి తర్వాత, ముందు రిహార్సల్

నేను 11 ఏళ్ళుగా వారానికి ఒక సాయంత్రం, గంటన్నర సేపు, 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలతో నాటకం ఆడిస్తున్నాను. వచ్చేవాళ్ళలో సగం మందికి నటన మీద ఇష్టం. మిగతా సగాన్ని అమ్మానాన్నలు "వీడికి భయం ఎక్కువండీ, కాస్త నలుగురిలో మాట్లాడేలా చేయండి" అంటూ తీసుకొస్తారు. ఈ రెండో సగం పిల్లలతో నాటకం ఆడించాలనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి ఏడాది ఒక పెద్ద తప్పు చేశాను. గొంతు పెగలని ఒక 14 ఏళ్ళ అమ్మాయికి రెండు నిమిషాల డైలాగు ఇచ్చి నేరుగా ప్రదర్శనలో నిలబెట్టాను. ఒక్కసారి స్టేజీ ఎక్కితే భయం దానంతటదే పోతుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. కర్టెన్ అంచు గుప్పిట్లో బిగించి నా వైపే చూసింది. పక్క నుంచి నేను అందిస్తున్న మాట దాని చెవికి చేరలేదు. ఆ తర్వాత వారం రాలేదు. ఆ పై వారం వాళ్ళమ్మ వచ్చి స్క్రిప్టు కాగితం తిరిగిచ్చి వెళ్ళింది. ఎనిమిది మడతలు పడి, చెమటకి అక్షరాలు అలుక్కుపోయి ఉంది. అది ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది.

అప్పటినుంచి నేను పద్ధతి మార్చుకున్నాను. ఆందోళన ఉన్న పిల్లలకు పనికొచ్చేది స్టేజీ కాదు, రిహార్సల్. "ఆపు, మళ్ళీ మొదటినుంచి చేద్దాం" అనగలిగే చోటు వాళ్ళకి బయట ఎక్కడా దొరకదు. పరీక్ష హాల్లో దొరకదు, ఇంటర్వ్యూలో దొరకదు, క్లాసులో లేచి నిలబడ్డప్పుడు దొరకదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే చేయించేటప్పుడు తడబడరు. టెన్షన్ వచ్చినప్పుడు శరీరం పారిపోవడానికో, ఎదిరించడానికో సిద్ధమవుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది, చేతులు చల్లబడతాయి. భయపెట్టినదాన్ని తప్పించుకోగానే హాయిగా ఉంటుంది. ఆ హాయే చిక్కు తెస్తుంది. తప్పించుకోవడం వల్లే బతికానని మనసు నేర్చుకుని, ఈసారి ఇంకాస్త ముందే భయపడుతుంది. అందుకే సైకాలజిస్టులు భయాన్ని కొంచెం కొంచెంగా, మెట్టు తర్వాత మెట్టుగా ఎదుర్కొనేలా చేస్తారు. రిహార్సల్లో జరిగేదీ దాదాపు అదే, ఆట రూపంలో.

ఎనిమిది, పదిమందికి మించి తీసుకోకండి. తలుపు వేసి ఉండాలి. చూడ్డానికి వచ్చిన పెద్దలు ఉండకూడదు, ఫోన్లలో వీడియోలు తీయకూడదు. మొదటి రోజే ఒక నియమం చెప్పండి: ఎవరైనా ఏ ఆటకైనా "పాస్" అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఈ మాట మీరు నిజంగా నిలబెట్టుకుంటారో లేదో పిల్లలు పరీక్షించి చూస్తారు. ఒక అబ్బాయి వరసగా ఐదు వారాలు పాస్ అన్నాడు. ఆరో వారం ఎవరూ అడక్కుండానే లేచి వచ్చాడు.

మొదటి పది నిమిషాలు శరీరానికి. "గట్టిగా ఊపిరి తీసుకో" అనకండి, కంగారులో ఉన్నవాళ్ళు గబగబా పీల్చేసి కళ్ళు తిరుగుతున్నాయంటారు. ముందు కొవ్వొత్తి ఉందనుకుని, మంట కదలాలి కానీ ఆరకూడదన్నట్టు మెల్లగా వదలమనండి. 4 అంకెలు లెక్కపెడుతూ లోపలికి, 6 లెక్కపెడుతూ బయటికి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది కాబట్టి వదలడమే పొడుగ్గా ఉండాలి. తర్వాత గదంతా నడక: మామూలుగా, తడినేల మీద, ఆలస్యమైపోయినట్టు. "ఆగు" అనగానే ఆగాలి.

తర్వాత అద్దం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు మెల్లగా కదులుతారు, రెండోవారు అద్దంలో బొమ్మలా అనుకరిస్తారు. రెండు నిమిషాలకి మార్చండి. ఇలాంటి రంగస్థల ఆటలకు ఒక పద్ధతి తెచ్చిన వయోలా స్పోలిన్, చికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ వాటిని తయారుచేసింది. ప్రతి ఆటలోనూ మనసు పెట్టడానికి ఒక పని ఉండాలని ఆమె పట్టు. ఆందోళనలో మనిషి చూపంతా తనమీదే ఉంటుంది: నా గొంతు వణుకుతోందా, అందరూ నన్నే చూస్తున్నారా? ఎదుటివాళ్ళ చిటికెన వేలు ఎటు కదులుతోందో చూస్తున్నప్పుడు ఆ ప్రశ్నలకి చోటుండదు.

మాట్లాడటానికి భయపడే పిల్లలకి ముందు అర్థంలేని భాష ఇవ్వండి. "బులక్కు తమ్మిడి జొరఫా!" అని ఒకరు కోపంగా అడగాలి, రెండోవారు "చిత్తిలి, చిత్తిలి" అని బతిమాలాలి. అందులో తప్పు మాట అంటూ లేదు కాబట్టి గొంతు వచ్చేస్తుంది. నత్తి వల్ల నోరు విప్పని ఒక పిల్ల ఈ ఆటలో పది నిమిషాలు ఇంకో పిల్లతో పోట్లాడింది. గదిలో అందరం అలా చూస్తుండిపోయాం.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, టెన్షన్‌కి ఒక రూపం ఇవ్వడం. పాత అట్టలు, టేపు, రంగులు ముందు పెట్టి అడగండి: నీ టెన్షన్ మనిషైతే ఎలా ఉంటాడు? ఎలా నడుస్తాడు? ఎప్పుడొస్తాడు? ఒక 16 ఏళ్ళ అబ్బాయి అట్టతో ఒక ముసలాయన ముఖం చేశాడు. పెద్ద చెవులు, ఒక చేతిలో గడియారం. ఆ ముఖం ఇంకో పిల్ల పెట్టుకుంది. అబ్బాయి ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "నువ్వెందుకొస్తావు ప్రతిసారీ?" అన్నాడు. ఆ పిల్ల తనంతట తానే, "నువ్వు లేటైపోతావేమోనని" అంది. వాడు కాసేపు నేలకేసి చూశాడు. "సరే, ఇక్కడ కూర్చో తాతా. నేను రాసేసి వస్తా." ఇప్పుడు పరీక్షల ముందు "తాత వచ్చాడు" అంటాడు. ముందు "నేనింతే, నాకు భయం" అనేవాడు. సమస్యని మనిషినుంచి విడదీసి చూపించే ఈ పద్ధతిని మైకేల్ వైట్, డేవిడ్ ఎప్‌స్టన్ అనే ఇద్దరు చికిత్సకులు తమ పనికి మూలంగా పెట్టుకున్నారు. ఆ రోజు ఆ అబ్బాయి ముఖంలో నేను చూసింది అదే.

నాలుగైదు వారాల తర్వాత ఫోరమ్ థియేటర్ మొదలుపెట్టండి. బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోల్ (1931-2009) తెచ్చిన పద్ధతి ఇది. అణిచివేతకు గురైనవాళ్ళు తమ పరిస్థితిని తామే మార్చి చూసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. పిల్లల ఆందోళన వెనక చాలాసార్లు తమకంటే బలమున్న మనిషి ఎవరో ఉంటారు కాబట్టి ఇది వాళ్ళకి బాగా అతుకుతుంది. రెండు నిమిషాల సీను తయారుచేయండి. డౌట్ అడగడానికి చెయ్యెత్తిన పిల్లని చూసి వెనక బెంచీ నవ్వుతుంది, పిల్ల చెయ్యి దించేస్తుంది. అంతే. సీను ఓటమితోనే ముగియాలి. రెండోసారి ఆడేటప్పుడు చూసేవాళ్ళలో ఎవరైనా "ఆపు" అని, ఆ పిల్ల స్థానంలోకి వచ్చి ఇంకోలా చేసి చూపించొచ్చు. కనీసం మూడు ప్రయత్నాలు జరగనివ్వండి. ఏది సరైనదో మీరు తేల్చకండి. "వీటిలో ఏ మాట నీ నోటికి వస్తుంది?" అని మాత్రం అడగండి. ఆ వారం బయట చేసి చూడటానికి దానిలోంచే ఒక చిన్న ముక్క ఇవ్వండి. చెయ్యెత్తడం వరకే అయినా చాలు.

ఒక హెచ్చరిక. ఎవరి సొంత గాయాన్నీ సీనుగా ఆడించకండి. కథ, పాత్ర పేరు, ఊరు అన్నీ కల్పితమే కావాలి. సొంత గాయాలతో నాటకం ద్వారా పనిచేయడానికి శిక్షణ పొందిన డ్రామా థెరపిస్టులు ఉన్నారు, అది వాళ్ళ పని. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, బయటికి రావడమే ఆపేసినా డాక్టరునో సైకాలజిస్టునో కలవాలి. చచ్చిపోవాలనుందనో, తనను తాను గాయపరుచుకుంటున్నాననో ఎవరైనా చెబితే ఆ రోజే ఇంట్లో పెద్దలకి తెలియజేసి సాయం అందేలా చూడండి, ఒంటరిగా వదలకండి. ఒకవేళ ఇంట్లోవాళ్ళ వల్లే ప్రమాదం ఉంటే పిల్లల రక్షణ చూసే సంస్థకి చెప్పాలి. "ఇక్కడి విషయం బయటికి పోదు, కానీ మీ ప్రాణానికి ప్రమాదమైతే నేను చెప్పి తీరతాను" అని మొదటి రోజే చెప్పి ఉంచండి.

నటించనంటే బలవంతం వద్దు. లైట్లు, సెట్టుకి రంగులు, ప్రాంప్టింగ్ (మరిచిన మాట పక్కనుంచి అందించడం) అన్నీ నాటకమే. బొమ్మలు వేసేవాళ్ళకి నేను 45 నిమిషాలు ఇస్తాను. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో 39 మంది పెద్దవాళ్ళచేత అంతసేపు బొమ్మలు చేయిస్తే, దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. ముందు అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. చిన్న పరిశోధన, అదీ పెద్దవాళ్ళ మీద, కాబట్టి హామీలా తీసుకోను. కానీ "నాకు బొమ్మలు రావు" అనే పిల్లకి చెప్పడానికి పనికొస్తుంది. బొమ్మ చూసి "బాగుంది" అనకండి, మార్కు వేసినట్టుంటుంది. "ఈ మూల ఏం జరుగుతోంది?" అని అడగండి.

మనసులోది రాయించడం గంటన్నర చివర్లో పెట్టకండి. బాధ గురించి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుంది. ఆ బరువుతో ఇంటికి పంపకూడదు. ఊపిరి, నడక అయిన వెంటనే 15 నిమిషాలు రాయించి, చదవమని అడక్కుండా, చింపేయాలంటే చింపేయనిచ్చి, తర్వాత ఆటలోకి వెళ్ళండి. చివరి ఐదు నిమిషాలు పాత్ర వదిలించుకోవడానికి. చేతులు విదిలించి, తన పేరు తను చెప్పి, ఇంటికెళ్ళగానే చేసే ఒక పని చెప్పాలి.

ప్రదర్శన ఎప్పుడని పెద్దలు అడుగుతూనే ఉంటారు. నేను తేదీ చెప్పను. ముందు ఇద్దరి ముందు, తర్వాత ఐదుగురి ముందు, తర్వాత తలుపు తీసి ఉంచి, ఇలా పెంచుకుంటూ పోతాం. స్టేజీ మీదకూడా ఆపి మళ్ళీ మొదలుపెట్టొచ్చని ప్రేక్షకులకి ముందే చెబుతాను. పోయిన ఏడాది ఒకమ్మాయి మూడో వాక్యం దగ్గర ఆగింది. నా గుండె ఆగినంత పనైంది, కర్టెన్ అంచు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం హాలు వైపు తిరిగి "ఆపి మళ్ళీ మొదలుపెడతాను" అంది. పక్కకి నడిచి, ఒకసారి మెల్లగా ఊపిరి వదిలి, మళ్ళీ లోపలికి వచ్చింది.