పికప్ ట్రక్కు ఐడిల్‌పై స్పార్క్ ప్లగ్ గ్యాప్ ప్రభావం

పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లోని 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా నడిచేటప్పుడు) వణుకుతుంటే, ముందుగా స్పార్క్ ప్లగ్ గ్యాప్‌ను, అంటే దాని రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య ఖాళీని, కొలవాలి. ఎలక్ట్రోడ్ అరిగి గ్యాప్ పెరిగితే నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ వోల్టేజీని ఇచ్చే కాయిల్ బలహీనపడి దానిని అందించలేనప్పుడు మిస్‌ఫైర్ అవుతుంది, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా అంటుకోదు. గ్యాప్ మరీ తగ్గితే రవ్వ చిన్నదై, ఐడిల్‌లో సిలిండర్‌లోకి చేరే కొద్దిపాటి గాలి-ఇంధన మిశ్రమాన్ని, పైగా కాలిన వాయువులు కలిసి పలచబడినదాన్ని, నిలకడగా అంటించలేదు. నా దృష్టిలో ఈ రెండో లోపాన్నే చాలామంది పట్టించుకోరు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక ప్లగ్ విప్పి, వైర్ గేజ్‌తో (వేర్వేరు మందాల తీగలున్న కొలత సాధనంతో) కొలిచి, బానెట్ కింది స్టిక్కర్‌పై ఉన్న అంకెతో పోల్చండి. ఈ ఇంజన్‌కు అది సాధారణంగా 1.1 మిల్లీమీటర్లు. పక్క ఎలక్ట్రోడ్‌నే మెల్లగా వంచాలి. మధ్యదాన్ని మీటితే పింగాణీ పగలవచ్చు. తిరిగి బిగించేటప్పుడు మరలు దెబ్బతినకుండా మొదట చేత్తోనే తిప్పండి. అయినా వణుకు తగ్గకపోతే వాక్యూమ్ గొట్టాల్లో (ఇంజన్ గాలి పీల్చే శక్తిని అందించే సన్నని గొట్టాల్లో) లీకును వెతకాలి.