ఎండ ప్రాంతంలో నీటి కుంటకు జియోటెక్స్‌టైల్: త్వరగా చివికిపోకుండా వేయడం ఎలా?

అనంతపురం లాంటి చోట సేద్యపు కుంటలో 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరిచేముందు, రాళ్లు గుచ్చుకోకుండా కింద జియోటెక్స్‌టైల్, అంటే ప్లాస్టిక్ పోగులతో చేసిన మందపాటి గుడ్డ, వేస్తారు. షీటు కిందో మట్టి కిందో ఉన్న గుడ్డ ఏళ్ల తరబడి ఉంటుంది. చెడేదల్లా కప్పకముందు ఎండలో పడి ఉన్న రోజుల్లోనే. అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల్ని తెంచుతాయి, వేడి ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది.

కొనేటప్పుడు బరువొక్కటే చూడొద్దు. మామూలు నేలకు చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములది సరిపోతుంది, రాతి నేలకు 400 గ్రాములది తీసుకోండి. గుడ్డ ఎండకు ఎంత తట్టుకుంటుందో చూసే ఏఎస్‌టీఎం డి4355 పరీక్షలో 500 గంటల తర్వాత ఎంత బలం మిగిలిందో కాగితం అడగండి. 50 శాతం కనీసం, 70 ఉంటే నిశ్చింత. కార్బన్ బ్లాక్ (మసి లాంటి నల్లపొడి) కలిపిన నల్లగుడ్డ ఎండకు మేలు. చౌడు నేలైనా, పచ్చి సిమెంటు తగిలే చోటైనా పాలిస్టర్ వద్దు. క్షారానికి అది చివుకుతుంది.

రోలు చుట్టూ ఉన్న కవరు పరిచే రోజు దాకా విప్పకండి. నేల మీద కాకుండా దుంగల మీద పెట్టి, పైన టార్పాలిన్ కప్పండి.

ముందు గుంత గోడల్లోని మొనదేలిన రాళ్లు, వేర్లు ఏరేయాలి. గట్టు అంచుకు అర మీటరు వెనక్కి, అర మీటరు లోతు వెడల్పుతో కందకం తీయండి, గుడ్డ, షీటు అంచులు అందులో పాతాలి. గుడ్డ పైనుంచి కిందికి పరిచి, అతుకు దగ్గర 30 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి పడేలా చూడండి. కుట్టాల్సి వస్తే పాలీప్రొపిలీన్ దారమే, చౌడు లేని చోటైతే పాలిస్టర్ దారమైనా, వాడండి. నూలు దారం తడికి కుళ్లిపోతుంది.

షీటు మాత్రం పొద్దున్నే, కాస్త వదులుగా వేయండి. మధ్యాహ్నం వేడికి సాగి ఉన్నప్పుడు బిగిస్తే రాత్రి చల్లబడి కుంచించుకుని అతుకుల దగ్గర లాగుతుంది.

పరిచిన 14 రోజుల్లోపు గుడ్డ అంతా కప్పేయాలన్నది రహదారి పనుల్లోనూ పాటించే గడువు. మే నెలలో ఆ గడువు కూడా ఎక్కువే, పరిచిన రోజే షీటు వేసేలా పని పంచుకోండి. కందకంలో మట్టి నింపి దిమ్మిసతో కొట్టండి.

ఏటా చూడాల్సింది గట్టు అంచునే. మట్టి జారి బయటపడ్డ గుడ్డను గోటితో గీకండి. పోగులు పొడిలా రాలితే ఆ ముక్క పనికిరాదు, కోసి కొత్తది 30 సెంటీమీటర్ల అతుకుతో వేసి, వెంటనే మట్టి కప్పండి.