మానేశాక వచ్చే అనుమానాన్ని ఏం చేయాలి

రిహాబ్‌లో ఉన్నన్నాళ్లూ మందు మానడం పెద్ద కష్టమనిపించదు. గేటుకి తాళం, టైముకి మాత్ర, టైముకి నిద్ర, చుట్టూ మన బాపతు వాళ్లే. ఇంటికొచ్చాక ఏదో ఒక సాయంత్రం పనేమీ లేక కూర్చున్నప్పుడు మొదలవుతుంది, ఇలా జీవితాంతం ఉండగలనా అని.

కంగారు పడకండి. ఆ అనుమానం రోజూ వచ్చినన్నాళ్లూ నేను జాగ్రత్తగానే ఉన్నాను. నాలుగో నెలలో అది రావడం మానేసింది, ఇప్పుడంతా నా చేతిలోనే ఉంది కదా, ఒక్క పెగ్గుకి ఏమవుతుందిలే అనిపించింది, ఆ తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే దాన్ని తరిమేయకండి, దానికి పని చెప్పండి.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి. జీవితాంతం సంగతి ఎవరికి తెలుసు? ఈ రాత్రి పడుకునేదాకా ఉండగలనా అంటే జవాబు దొరుకుతుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్ (ఇద్దరూ తాగుడుకి బానిసలే) కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానేవాళ్ల సంఘంలో ఇప్పటికీ లెక్క రోజుకే.

తాగాలనే యావ పుట్టినప్పుడు ఏం చేయాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆ టైముకి బుర్ర మన మాట వినదు. అలాన్ మార్లాట్ అనే సైకాలజిస్టు దాన్ని అలతో పోల్చాడు. లేస్తుంది, మనల్ని ఎత్తుతుంది, విరిగిపోతుంది. చాలాసార్లు అరగంటలోపే. ఫోన్‌లో 20 నిమిషాలకి అలారం పెట్టి, ఎక్కడ లాగుతోందో, గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా, గమనిస్తూ కూర్చోండి. కూర్చోలేకపోతే నడవండి. అలారం మోగినా తగ్గకపోతే ఇంకో 20. ఈలోగా ఆకలేస్తోందా, ఎవరిమీదైనా మండుతోందా, ఒంటరిగా ఉన్నారా, అలసిపోయారా చూసుకోండి. నాకైతే సగం యావలు కడుపు నిండగానే పోయేవి, ఇన్నేళ్లూ ఆకలిని కూడా మందుతోనే తీర్చానన్నమాట.

"మనసు లాగుతోంది, పది నిమిషాలు మాట్లాడు" అనే మెసేజ్‌ని ముందే టైప్ చేసి ఉంచుకోండి. అప్పటికప్పుడు రాయాలంటే సిగ్గు అడ్డొస్తుంది.

నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కొన్ని నెలలపాటు ఉండొచ్చు. మెదడు సర్దుకుంటోంది, అంతే. మరీ ఇబ్బందైతే డాక్టర్ని అడగండి. మళ్లీ తాగకుండా ఉండటానికి సాయపడే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు ఉన్నాయి. మందు మానడానికి మందేంటని నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. డైసల్ఫిరామ్ (ఆల్కహాల్ తగిలితే ఒళ్లు తిరగబడేలా చేసే మాత్ర) వాడుతుంటే మాత్రం ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, మౌత్‌వాష్‌లు కూడా ముట్టకూడదు, ఇంట్లోవాళ్లకీ ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇంట్లోవాళ్లంటే గుర్తొచ్చింది. మీరు మారారని వాళ్లు వెంటనే నమ్మరు. నేను బాత్రూమ్‌లో ఐదు నిమిషాలు ఎక్కువుంటే తలుపు కొట్టేవాళ్లు, దగ్గరికొస్తే వాసన చూసేవాళ్లు, నాకు ఒళ్లు మండిపోయేది, ఇంత కష్టపడుతుంటే ఇదా మర్యాద అని. వాదించి లాభం లేదు. చెప్పిన టైముకి ఇంటికి రండి, ఆలస్యమైతే వాళ్లు అడగకముందే ఫోన్ చేయండి. నాకు ఎదగడమంటే మొదటి ఏడాదంతా ఇదే.

ఒకవేళ జారితే? "ఎలాగూ పోయింది, ఇక పూర్తిగా తాగేద్దాం" అనే ఆలోచనే ఆ మొదటి గ్లాసుకన్నా ఎక్కువ ముంచుతుంది. ఆ రాత్రే ఒక్కరికైనా చెప్పండి. హెరాయిన్ లాంటివి వాడినవాళ్లు ఇంకా జాగ్రత్త, మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీయొచ్చు. మళ్లీ రోజుల తరబడి బాగా తాగి ఉంటే ఒంటరిగా ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. నన్ను చూడగానే తిడతారనుకున్నాను, ఆయన బీపీ చూసి, చివరిసారి ఎప్పుడు తాగారని మాత్రమే అడిగారు.