చిప్‌పై భారం పెరిగినప్పుడే తెగిపోయే ఆప్టికల్ లింక్: సమస్య - పరిష్కారం

సమస్య

నెట్‌వర్క్‌లో డేటాను దారి మళ్లించే స్విచ్ చిప్ పక్కనే, అదే ప్యాకేజీలో అమర్చిన సిలికాన్ ఫోటోనిక్స్ లింక్ (సిలికాన్‌పై చేసిన భాగాలతో డేటాను కాంతి రూపంలో పంపే లింక్) ఖాళీగా ఉన్నప్పుడు అన్ని పరీక్షల్లోనూ నెగ్గుతుంది. చిప్‌పై పని భారం పెరిగిన కొంతసేపటికి తప్పులు పెరిగి లింక్ తెగుతుంది, భారం తగ్గగానే దానంతట అదే కలుస్తుంది. 400 గిగాబిట్ ఈథర్‌నెట్‌లో వాడే ఎఫ్‌ఈసీ (అందుకునే చోటే తప్పులను సరిదిద్దే సంకేత పద్ధతి) ప్రతి 10,000 బిట్లకు దాదాపు 2 తప్పుల వరకు సరిదిద్దేస్తుంది కనుక, సవరణకు ముందున్న తప్పుల రేటును చూడనివారికి ఈ క్షీణత చివరి క్షణం వరకు కనిపించదు.

మొదట చూడవలసింది

ఫైబర్ కనెక్టర్ ముఖాన్ని మైక్రోస్కోప్‌తో చూడండి, శుభ్రం చేయండి, మళ్లీ చూడండి. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే భాగం వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లే కాబట్టి కంటికి కనిపించని ధూళి రేణువు కూడా దానిని కప్పేయగలదు. ఈ చిన్న పని వదిలేసి నేరుగా మాడ్యూళ్లు మార్చడం నేను తరచుగా చూస్తున్నాను. దయచేసి అలా చేయకండి. అయితే ధూళి వల్ల కలిగే నష్టం భారంతో పాటు పెరిగి తగ్గేది కాదు. ముఖం శుభ్రంగా ఉండి కూడా తప్పులు భారాన్ని అనుసరిస్తూనే ఉంటే ముందుకు వెళ్లండి.

అసలు కారణం

ఈ లింక్‌లో లేజర్ కాంతిపై డేటాను ముద్రించే చిన్న ఉంగరం లాంటి భాగమే రింగ్ మాడ్యులేటర్. అది ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యం వద్ద మాత్రమే అనునాదం చెందుతుంది. వేడెక్కితే సిలికాన్ వక్రీభవన గుణకం పెరుగుతుంది. 1550 నానోమీటర్ల ప్రాంతంలో ఆ అనునాదం డిగ్రీకి సుమారు 0.07 నానోమీటర్ల చొప్పున పొడవు వైపు జరుగుతుంది. అనునాదం వెడల్పు 0.15 నానోమీటర్లు ఉన్న రింగ్ రెండు డిగ్రీల తేడాకే లేజర్ నుంచి తప్పిపోతుందన్నమాట. అందుకే ప్రతి రింగ్‌కూ ఒక హీటర్, దానిని సర్దే నియంత్రణ వలయం ఉంటాయి. చాలామంది మరిచిపోయే విషయం ఏమిటంటే, హీటర్ వేడి చేయగలదే కానీ చల్లబరచలేదు. రింగ్ 75 డిగ్రీల వద్ద లేజర్‌తో కలుస్తుందనుకుందాం. పరిసరం 50 డిగ్రీలు ఉన్నప్పుడు హీటర్ మిగతా 25 డిగ్రీలను అందిస్తుంది, పక్కనున్న చిప్ వేడెక్కేకొద్దీ తన శక్తిని తగ్గించుకుంటూ వస్తుంది, పరిసరం 75 డిగ్రీలు దాటాక మాత్రం తగ్గించడానికి దాని వద్ద ఏమీ మిగలదు. నియంత్రణ వలయంలో లోపమేమీ లేకున్నా రింగ్ చేజారిపోతుంది. కొత్త మాడ్యూల్ పెట్టినా పరీక్ష చల్లని స్థితిలోనే జరుగుతుంది కనుక అదీ నెగ్గుతుంది, తప్పు పాత మాడ్యూల్‌దేనన్న భ్రమ బలపడుతుంది.

నిర్ధారణకు హీటర్ శక్తి, ప్యాకేజీ ఉష్ణోగ్రత, సవరణకు ముందున్న తప్పుల రేటు, ఈ మూడింటినీ ఒకే కాలరేఖపై గీయండి. హీటర్ శక్తి సున్నాకు చేరిన చోటే తప్పులు పైకి లేస్తే కారణం ఇదే. హీటర్‌కు ఇంకా మిగులు ఉండి, భారం ఒక్కసారిగా మారిన క్షణాల్లో మాత్రమే తప్పులు వస్తుంటే నియంత్రణ వలయం నెమ్మదిగా ఉందని అర్థం. దాని వేగాన్ని పెంచాలి.

పరిష్కారం

రింగ్‌ను లేజర్‌తో కలిపే అమరికను (క్యాలిబ్రేషన్) చల్లని చిప్‌తో కాక, పక్కనున్న చిప్‌పై పూర్తి భారం వేసి, ఉష్ణోగ్రత నిలకడకు వచ్చాక చేయండి. ఆ స్థితిలోనూ హీటర్‌కు కొంత శక్తి మిగిలి ఉండాలి, అతి చల్లని ప్రారంభంలో దాని గరిష్ఠ పరిమితి సరిపోవాలి. పలు తరంగదైర్ఘ్యాల లింక్ అయితే ప్రతి రింగ్‌నూ పక్కనున్న పొడవైన తరంగదైర్ఘ్యపు ఛానెల్‌కు జరిపి, డేటా క్రమాన్ని ఎలక్ట్రానిక్స్‌లో సరిచేయవచ్చు. దీనివల్ల హీటర్ ఎక్కువ విద్యుత్తు వాడినా అవసరమైన మిగులు దక్కుతుంది. ఇది కుదరనప్పుడు శీతలీకరణను మెరుగుపరచి పరిసర ఉష్ణోగ్రతను తగ్గించడమే మార్గం.

లేజర్ వయసు మళ్లడం, ధ్రువణ దిశ (కాంతి తరంగం కంపించే దిశ) తప్పడం, ఫైబర్‌ను చిప్‌కు కలిపే కప్లర్ వద్ద జిగురు పగలడం అరుదుగా జరుగుతాయి. పైవన్నీ తేలాకే వాటి జోలికి వెళ్లండి.