పెరటి సీతాకోకచిలుక ఎన్నాళ్లు బతికిందో లెక్కగట్టే పద్ధతి

సీతాకోకచిలుక ఒక్క రోజే బతుకుతుందని చాలామంది నమ్ముతారు. మన పెరళ్లలో తిరిగే జాతుల్లో ఎక్కువ వాటికి రెక్కలు వచ్చిన తర్వాత ఒకటి నుంచి మూడు నాలుగు వారాల ఆయువు ఉంటుంది. అదీ పిట్టకో, తొండకో, సాలీడుకో చిక్కకుండా ఉంటేనే. వలపెట్టెలో ఉంచి మేపిన సీతాకోకచిలుక బతికిన రోజులకూ, ఆరుబయట అది నిజంగా బతికే రోజులకూ పొంతన ఉండదు కాబట్టి, ఈ లెక్కను పెరట్లోనే కట్టడం మంచిది. కరివేపాకు చెట్టో, నిమ్మచెట్టో ఉన్న ఇంట్లో దీనికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ఆయువు లెక్కకు పుట్టినరోజు తెలియాలి. పూలమీద వాలిన సీతాకోకచిలుకను చూస్తే అది నిన్న రెక్కలు విప్పిందో, పది రోజుల కింద విప్పిందో చెప్పలేము. పరిమాణం కూడా సాయపడదు, ఎందుకంటే రెక్కలు వచ్చిన తర్వాత ఏ సీతాకోకచిలుకా పెరగదు. అందుకే పురుగు దశనుంచి మొదలుపెట్టాలి. దీనికి నేను సూచించేది నిమ్మ సీతాకోకచిలుక. శాస్త్రవేత్తలు పాపిలియో డెమోలియస్ అని పిలిచే ఈ జాతి నిమ్మ, బత్తాయి, కరివేపాకు లేత ఆకులమీద లేత పసుపురంగు గుడ్లను విడివిడిగా పెడుతుంది. పిల్లపురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తుంది, చివరి దశలో ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవాన్ని బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది; భయపడవలసిన పని లేదు, అది కుట్టదు.

అయిదారు పురుగులను కొమ్మతో సహా తెచ్చి, గాలి ఆడే దోమతెర పెట్టెలో పెంచండి. బజారులో కొన్న కరివేపాకును మాత్రం వేయకండి. దానిమీద పురుగుమందు మిగిలి ఉంటే ఒక్క పూటలో పురుగులన్నీ చచ్చిపోతాయి. కోశదశకు, అంటే రెక్కలు వచ్చేముందు కదలకుండా ఉండే దశకు, వచ్చిన పురుగు నడుముచుట్టూ పట్టుదారం కట్టుకొని పుల్లకు ఆనుకుంటుంది. దాన్ని కదపవద్దు. వెచ్చని రోజుల్లో వారం పది రోజులకు రెక్కలు వస్తాయి, చలికాలంలో ఇంకా ఆలస్యం కావచ్చు. కొన్ని కోశాలనుంచి సీతాకోకచిలుకకు బదులు, పురుగు ఒంట్లోనే దాన్ని తింటూ పెరిగే చిన్న పరాన్న కందిరీగలు బయటపడతాయి. అప్పుడు నిరుత్సాహపడకుండా ఆ సంగతి కూడా రాసిపెట్టుకోండి, ఎందుకంటే గుడ్డుగా మొదలైన వాటిలో రెక్కలదాకా వచ్చేవి చాలా తక్కువ.

కోశంనుంచి బయటికి వచ్చిన సీతాకోకచిలుక తలకిందులుగా వేలాడి, నలిగిన రెక్కల్లోకి ద్రవాన్ని నెట్టి విప్పుకోవడానికి చోటు కావాలి. ఇరుకు సీసాలో పెంచితే రెక్కలు వంకరపోతాయి, ఇక అది ఎగరదు. ఆ సమయంలో రాలే ఎర్రటి లేదా గోధుమరంగు బొట్లు రక్తం కావు, కోశదశలో మిగిలిన వ్యర్థం. రెక్కలు పూర్తిగా ఆరి గట్టిపడేందుకు కనీసం రెండు మూడు గంటలు ఆగాలి. నేను మొదటిసారి తొందరపడి తడిరెక్కమీదే అంకె వేయబోయాను. అంకె చెదిరిపోయింది, రెక్క కూడా నలిగింది.

అంకె వేయడానికి సీడీలమీద రాసే సన్నమొన మార్కర్ సరిపోతుంది. నాలుగు రెక్కలూ పైకి మూసుకున్నప్పుడు వాటిని వేళ్ల మధ్య మెత్తగా పట్టుకొని, వెనకరెక్క అడుగుభాగంలో లేతపసుపు మచ్చమీద ఒక్క అంకె వేయాలి. పొట్టను, కాళ్లను తాకకూడదు. వేళ్లకు అంటుకునే పొడి రెక్కల పొలుసులే. అవి మళ్లీ మొలవవు కాబట్టి ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. తారీకు, అంకె పుస్తకంలో రాసుకొని, ఎండ వచ్చిన తర్వాత పూలున్న చోట వదలండి. నూరువరహాలు, బిళ్ళగన్నేరు, బంతి ఉంటే అవి ఆ చుట్టుపక్కలే తిరిగే అవకాశం ఎక్కువ. కొన్ని జాతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి, ఏ జాతో తెలియనిదాన్ని పట్టుకోకుండా ఫొటోతో సరిపెట్టుకోవాలి. రెక్కకు పడిన చిరుగు, పిట్టముక్కు గాటు కూడా గుర్తులే. వాటిని ఫొటోల్లో పోల్చుకుంటూ ఒకే సీతాకోకచిలుకను రోజుల తరబడి గుర్తుపట్టవచ్చు.

ఇక రోజూ ఒకే వేళకు, ఉదయం తొమ్మిదినుంచి పదకొండు గంటల మధ్య, కనీసం అరగంట చూడాలి. వాన పడినా, మబ్బు పట్టినా ఆ మాట రాయాలి; ఎండ లేని రోజు అవి ఆకుల చాటున దాక్కుంటాయి, చచ్చిపోయాయని కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చివరిసారి కనిపించిన రోజు మరణించిన రోజు కాదు. పక్కతోటకు వెళ్లిపోయినా మనకు కనిపించదు. అందువల్ల పుస్తకంలో ‘12 రోజులు బతికింది’ అని కాక ‘కనీసం 12 రోజులు బతికింది’ అని రాయాలి. ఆ ‘కనీసం’ అనే మాటను వదిలేస్తే లెక్క అబద్ధమవుతుంది.

ఎక్కువ వాటికి అంకెలు వేయగలిగితే సగటు కూడా తీయవచ్చు. రోజుకు పదింటిలో తొమ్మిది మిగులుతున్నాయనుకుందాం. ఆ లెక్కన వారం తిరిగేసరికి సగానికి కొంచెం తక్కువే మిగులుతాయి, సగటు ఆయువు సుమారు 9 నుంచి 10 రోజులు వస్తుంది. కానీ ఆ గుంపులోనే నెలదాకా తిరిగేది ఒకటి రెండు ఉండవచ్చు. సగటు ఆయువు, గరిష్ఠ ఆయువు వేరువేరు సంగతులు.

ఈ పద్ధతి అన్ని జాతులకూ ఒకేలా పనిచేయదు. మోనార్క్ సీతాకోకచిలుకల్లో ఉత్తర అమెరికా వేసవి తరాలు రెండునుంచి ఆరు వారాలే బతకగా, శరదృతువులో పుట్టి మెక్సికో కొండలకు వలసవెళ్లే తరం ఎనిమిది నెలలదాకా బతుకుతుంది, ఎందుకంటే అది గుడ్లుపెట్టే పనిని వసంతందాకా వాయిదా వేసుకుంటుంది. ఐరోపాలోని బ్రిమ్‌స్టోన్ చలికాలమంతా ఆకుల మాటున నిద్రాణంగా గడిపి దాదాపు ఏడాది బతుకుతుంది. మధ్య, దక్షిణ అమెరికాలోని హెలికోనియస్‌లు తేనెతోపాటు పుప్పొడిని కూడా తినడంవల్ల నెలల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటాయి. మన దక్షిణభారతంలో కూడా బ్లూ టైగర్, కామన్ క్రో వంటి సీతాకోకచిలుకలు తూర్పు, పడమటి కనుమల మధ్య గుంపులుగా వలసపోతాయి. అలాంటి దానికి అంకె వేసి పెరట్లో ఎదురుచూస్తే అది మళ్లీ కనిపించకపోవచ్చు. అందుకే మొదటి ప్రయత్నానికి గుడ్లు పెట్టడానికి నిమ్మచెట్టు దగ్గరికి వచ్చే జాతే తగినది.

చివరిసారి కనిపించిన తర్వాత కూడా రెండు వారాలపాటు పుస్తకం మూయకండి. రంగు వెలిసి, అంచులు చిరిగి, అంకె సగం చెరిగిన ఆడ సీతాకోకచిలుక ఒకటి అదే కరివేపాకు కొమ్మకు గుడ్డు పెట్టడానికి తిరిగి రావచ్చు. అది వస్తే తారీకు వేసి, ఆ గుడ్డుకు కొత్త పేజీ తెరవండి.